రెండు ఇంటర్వ్యూలు, ఒక శాలువా

నాలో ఒక మంచి గుణముంది. నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తాండా. పిలిచినోళ్లను నేను ఇంతవరకు చిన్నబుచ్చలేదు. పెండ్లి గానీ, పుట్టువెంట్రుకలు గానీ, బోరులో నీళ్లు పడినాయని పెట్టే భోజనం గానీ, పిలిస్తే పోతా. పోయిన మాఘమాసంలో ఒకే పొద్దు పాణ్యంలో తాళి కట్టేటప్పుడు అక్షింతలేసినా, నంద్యాలలో మొదటి పంక్తిలో కూర్చున్నా, రుద్రవరంలో అప్పగింతలకు అందుకొని పెండ్లికూతురి నాయన కంటే ముందు నేనే కండ్లు తుడుచుకున్నా. మొన్న టీ అంగడి కాడ మీరంతా "నవ్వొచ్చేది ఏదన్నా ఒకటి రాసియ్యన్నా" అని అడిగినారు. చూడండి, అదీ కాదనలేదు.

అట్లని ఎవరు పిలిచినా పోయే మనిషిని కాదు. పిలవడానికి ఒక పద్ధతుంది. ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, "మీరు రాకుంటే జరగదన్నా" అని ఒకటికి రెండుసార్లు చెప్తే అది పిలుపు. వాట్సాప్‌లో కార్డు పడేస్తే అది పిలుపు కాదు, సమాచారం. ఈ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. మొన్న నంద్యాలలో నేను చేసొచ్చిన ఘనకార్యానికి ఈ రెండే పునాది. అందులో ఒక శాలువా కూడా ఉంది. దాని దగ్గరికి వస్తా.

మా పాప శ్రావణి. మాకు ఒక్కతే. వ్యవసాయం డిగ్రీ అయిపోయినాక ఇంకో పరీక్ష రాసింది. ఎంబీఏ మాదిరిదే, కాకపోతే పంటల వ్యాపారం నేర్పిస్తారంట. పండించింది యాడ దాచాల, ఎప్పుడు అమ్మాల, ఎవరికి అమ్మాల. నేను పెండ్లయినప్పటి నుంచి ఈ మూడింటిలోనూ క్రమం తప్పకుండా తప్పుతాండా. ఇట్లాంటి చదువొకటి ఉందని తెలిసినప్పుడు పాప కంటే ముందు నేనే పోయి చేరాలనిపించింది.

మూడు కాలేజీలు ఇంటర్వ్యూకు పిలిచినాయి. చెన్నైది ఒకటి, బెంగుళూరుది ఒకటి, హైదరాబాదుది ఒకటి. శ్రావణి ఒక్క నిమిషం కూడా ఆలోచన చెయ్యలేదు. "హైదరాబాదుదే నాయనా నాకు కావాల్సింది. సీట్లు తక్కువ. ఆ ఒక్కదానికే పోతా, మిగతా రెండిటికీ రానని రాసేస్తా" అనింది. అనడమే కాదు, చెన్నై వాళ్లకు నా కండ్ల ముందరే ఫోన్లో ఏదో నొక్కి రానని పంపించేసింది.

నాకు ఆ పొద్దంతా మనసు మనసులో లేదు. అంత దూరం నుంచి మన పిల్లను తలుచుకొని పిలిచినోళ్లు కదా, ఒక్క ముక్కలో రానని చెప్పేస్తే ఎంత నొచ్చుకుంటారో అని. మా ఇంటామెతో అదే చెప్పుకున్నా. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతా, "వాళ్లేమన్నా నీ వియ్యంకులా?" అనింది.

ఇంక బెంగుళూరు వాళ్లకు రానని పంపేలోపల నాకు ఫోనొచ్చింది.

దీపిక అని ఒకమ్మాయి. ఆ కాలేజీలో అడ్మిషన్లు చూస్తాదంట. తెలుగు పిల్లే. "నమస్తే సార్, భోజనం చేశారా సార్" అని మొదలుపెట్టింది. నన్ను సార్ అని పిలిచినోళ్లు ఇంతకుముందు లేరని కాదు. బ్యాంకులో ఒకాయన పిలిచినాడు, అదీ బయటికి పొమ్మని చెప్పేటప్పుడు. ఈ పిల్ల మాటకు ముందొక సార్, వెనకొక సార్. మీరు బెంగుళూరు దాకా రావాల్సిన పని లేదు, మేమే నంద్యాలకు వస్తాండాం, శనివారం పొద్దున హోటల్లో ఇంటర్వ్యూలు, కుటుంబంతో రావాల, భోజనం మా దగ్గరే అని చెప్పింది. మరుసటి రోజు మళ్లీ చేసి, గుర్తుంది కదా సార్ అనింది. మూడో రోజు మా ఇంటామె మోకాలి నొప్పి ఎట్లుందని అడిగింది. రెండోసారి చేసినప్పుడు నేనే చెప్పినట్టుండా, ఆ పిల్ల మరిచిపోలేదు.

బొట్టు పెట్టి పిలిచినట్టే కదా ఇది?

హైదరాబాదు వాళ్లు మాత్రం రెండు లైన్ల మెయిల్ పడేసినారు. ఫలానా శనివారం, మధ్యాహ్నం పన్నెండుకు, ఆన్‌లైన్లో. అంతే. భోంచేసినారా అని లేదు, తప్పకుండా రావాలని లేదు. వాళ్ల ఊరికి కూడా పిలవకుండా ఫోన్లోనే మొహం చూస్తారంట. పెండ్లిచూపులకు వచ్చేవాడు వీడియోలో చూసి సరిపెట్టుకుంటానంటే మనమెట్ల ఒప్పుకుంటాం, అట్ల అనిపించింది నాకు. దీపికతో "వస్తాంలేమ్మా" అనేసినా.

ఇంట్లో చెప్పినప్పుడు శ్రావణి ఫోన్లో ఆ రెండు లైన్ల మెయిల్ తీసి చూపించింది. "అదే పొద్దు హైదరాబాదుది ఉంది నాయనా" అనింది. నేను పెండ్లిండ్ల లెక్క చెప్పినా. పదికి నంద్యాల హోటల్లో మొహం చూపిస్తాం. పదకొండుకల్లా బయటపడతాం. సంజీవనగర్‌లో మీ మామ ఇల్లుంది, మంచి ఇంటర్నెట్ ఉంది, పన్నెండుకు ఆడ కూర్చొని మాట్లాడుకో. పాణ్యం, నంద్యాల, రుద్రవరం ఒకే పొద్దు చుట్టొచ్చినోడికి ఒకే ఊర్లో రెండు ఇంటర్వ్యూలు ఒక లెక్కనా?

"నువ్వు వస్తానని మాటిచ్చినావు కాబట్టి వస్తా. పదకొండుకు మాత్రం లేచేయాల" అనింది. సరే అన్నా. మా బామ్మర్దికి ఫోన్ చేస్తే, గదిలో బల్ల ఖాళీ చేసి వెనక తెల్ల దుప్పటి కడతానన్నాడు.

ఆ పిల్లకు ఈ చదువే ఎందుకు కావాలో కూడా చెప్పాల. చెప్పాలంటే మా అరటిపండ్ల కత చెప్పాల. మీలో సగం మందికి తెలుసు, నేను పోయిన ప్రతి పెండ్లిలో చెప్పినదే.

శ్రావణి ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా అరటితోట విరగగాసింది. మా ఒక్కరిదే కాదు, అందరివీ కాసినాయి. బేరగాండ్లు రావడం మానేసినారు. గెల కోసే కూలి కూడా రాదని తెలిసి, తోటకు కంచె తీసేసి గొర్రెలోళ్లను తోలుకోమన్నా. ఆ పొద్దు శ్రావణి బడి నుంచి వచ్చి ఒక గెలను ఈడ్చుకుంటా హైవే కాడికి పోయింది. పలక మీద 'అరటిపండ్లు' అని రాసి పక్కన నిలబెట్టి, యూనిఫాంతోనే కూర్చుంది. పొద్దుగూకేదాకా ఒక్క బండి ఆగలేదు. చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, కడపకు ఇదేనా దారని అడిగినాడు. ఈ పిల్ల దారి చెప్పి, ఒక డజను పండ్లు చేతిలో పెట్టి పంపించింది. "మా పాప పెట్టిన మొదటి వ్యాపారం, దారీ ఉచితం, సరుకూ ఉచితం" అని నేనంటే పెండ్లిలో పంక్తి పంక్తంతా నవ్వుతారు. పొలమారిన వాళ్లు కూడా ఉన్నారు.

నేను ఆ కత మొదలుపెడితే శ్రావణి చెయ్యి కడుక్కోడానికి లేచి పోతాది. సిగ్గనుకునేవాణ్ణి.

శనివారం వచ్చింది. ఆళ్లగడ్డలో బస్సెక్కినాం. హోటలు కాడ దిగేసరికి వాకిట్లో బ్యానరు, పన్నీరు చల్లేవాళ్లిద్దరు, చేతికొక నీళ్ల బాటిలు, టిఫిన్ టోకెను. దీపిక ఎదురొచ్చి, "సుబ్బరాయుడు సార్" అని పేరు పెట్టి పిలిచింది. మనిషి సన్నగా, తెల్లవారుజామున ప్రయాణం చేసొచ్చిన మొహంతో ఉంది. శ్రావణి కంటే ఒకటి రెండేండ్లు పెద్దదేమో. హాలు లోపల వేదిక, వేదిక మీద కుర్చీలు. జనం ఎక్కువై లోపల పట్టనోళ్ల కోసం వరండాలో కూడా ఒక స్పీకరు పెట్టె నిలబెట్టినారు. ఏర్పాట్లు బాగున్నాయి అనుకున్నా. ఆ పెట్టెను గూడా మెచ్చుకున్నా.

శ్రావణిని తొందరగానే పిలిచినారు. పోయినంత తొందరగా బయటికొచ్చింది. పేరడిగినారంట, మార్కులడిగినారంట, సెలెక్ట్ అయినావన్నారంట. "పదిన్నర గూడా కాలేదు నాయనా, పోదాం" అనింది. ఆ పిల్ల మొహంలో ఒక నవ్వు. లెక్క ప్రకారం జరిగినందుకు నాకూ గర్వంగా ఉంది. లేచినా.

దీపిక ఎదురైంది. "భోజనం చేయకుండా వెళ్తారా సార్?"

ఆ ఒక్క మాటకు నేను తిరిగి కూర్చున్నా. పిలిచినోళ్ల ఇంట్లో చెయ్యి కడగకుండా లేచొస్తే అది మొహం చూపించడం కాదు, మొహం తిప్పుకోవడం. పదకొండుకే వడ్డిస్తామన్నారు. కాలేజీ చైర్మన్ వచ్చి రెండు మాటలు మాట్లాడినాక అన్నారు. చైర్మన్ యాడున్నాడంటే, పాణ్యం దాటినాడంట.

పదకొండైంది. శ్రావణి, "నేను ఆటోలో పోతా నాయనా, నువ్వు తినేసి రా" అనింది. ఇద్దరం కలిసొచ్చి నువ్వొక్కదానివే లేచిపోతే ఏమనుకుంటారు, ఐదు నిమిషాలన్నా. ఆయన వచ్చినాడు. మాట్లాడినాడు. నాలుగు దేశాల్లో తాను చూసిన కాలేజీల గురించి చెప్పినాడు. అన్నం పెట్టేసరికి పన్నెండుకు పదిహేను నిమిషాలు. విస్తరి ముందర కూర్చున్నా. పాయసం వాసన బాగుంది.

శ్రావణి నా పక్కన నిలబడుకొని గడియారం చూస్తాంది. సంజీవనగర్ పోవాలంటే దారిలో రైల్వే గేటుంది. ఆ గేటు సంగతి నంద్యాలోళ్లకు చెప్పాల్సిన పని లేదు, పడిందంటే ఒక పట్టాన లేవదు.

"ఇంక అందదు నాయనా" అనింది. గట్టిగా గూడా అనలేదు. ఫోనూ, ఇయర్‌ఫోన్సూ తీసుకొని బయటికి పోయింది. వరండా చివర మిగిలిన కుర్చీలు పేర్చి పెట్టే గదొకటుంది, ఆడ కూర్చుంటానని సైగ చేసింది. ఏదో ఒకటి కుదిరింది కదా అని నేను పప్పు కలుపుకున్నా.

సగం తిన్నానో లేదో, మైకులో నా పేరు.

"ఆళ్లగడ్డ నుంచి విచ్చేసిన సుబ్బరాయుడు గారు. వారి కుమార్తె శ్రావణి మన కాలేజీని ఎంచుకున్నారు. వారిని శాలువాతో సత్కరించుకుందాం."

ఎంచుకోలేదని నాకు తెలుసు. శ్రావణికి తెలుసు. కానీ పెద్దమనిషి మైకులో అంటాంటే, హాలంతా తిరిగి చూస్తాంటే, కాదని యాడి నుంచి చెప్పాల? విస్తరి ముందర నుంచా? చెయ్యి కడుక్కొని వేదిక ఎక్కినా. శాలువా కప్పినారు. మెరూన్ రంగు, జరీ అంచు. ఇన్నేండ్లలో ఎవరెవరికో శాలువాలు కప్పుతాంటే నేను కింద కూర్చొని చప్పట్లు కొట్టినా. నా భుజాల మీద పడడం అదే మొదలు. అది ఇంత వెచ్చగా ఉంటాదని నాకు తెలీదు.

చైర్మన్ మైకు నా చేతికిచ్చి, "మీ అమ్మాయి గురించి రెండు మాటలు చెప్పండి" అన్నాడు.

చెప్పినా. నాకు తెలిసిన రెండు మాటలు అరటిపండ్ల కతే కదా. పలక, హైవే, లారీ, కడప దారి. హాలు ఊగిపోయింది. చైర్మన్ కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నాడు. పెండ్లిండ్లలో యాభై మంది నవ్వుతారు, ఈడ మూడొందల మంది. నేను ఇంకొంచెం సాగదీసినా గూడా. డ్రైవరు పండు తింటా తొక్క కిటికీలోంచి పారేసినాడని అప్పటికప్పుడు చేర్చినా.

చప్పట్లు ఆగకముందే దిగి, శాలువా చూపిద్దామని కుర్చీల గదికి పోయినా. తలుపు దగ్గరికేసి ఉంది, తోసినా. శ్రావణి రెండు కుర్చీలు పేర్చుకొని పైన కూర్చోనుంది. ఎదురుగా ఇంకో కుర్చీల దొంతి మీద ఫోను. ఫోన్లో నలుగురు. పెద్దోళ్లు కనపడితే చేతులు వాటంతట అవే లేస్తాయి నాకు. శాలువాతో సహా నమస్కారం పెట్టినా. వాళ్లలో ఒకామె, తెలుగామే, ఏదో అడిగినట్టుంది. శ్రావణి చెవిలో పడింది గానీ నాకు వినపడలేదు. ఈ పిల్ల చెప్పింది మాత్రం వినపడింది.

"అవును మేడం. ఆయన మా నాయన."

ఇంకేదో అడిగినారు. "లేదు మేడం, ఈ కాలేజీలో చేరలేదు" అనింది. తర్వాత థాంక్యూ అని చెప్పి ఫోను ఆపేసింది.

నేను చేతులింకా దించలేదు.

తిరుగు బస్సులో శ్రావణి కిటికీ పక్కన కూర్చుంది. సిరివెళ్లలో ఎక్కిన తెలిసినాయన ఒకడు నా ఒళ్లో శాలువా చూసి, "ఏందన్నా, సన్మానమా?" అన్నాడు. అవునప్పా అన్నా. ఏ సందర్భమన్నాడు. శ్రావణి బయటికి చూస్తాంది. పాప చదువు సందర్భంగా అన్నా. మంచిదన్నా అని చేయి కలిపినాడు. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు దాన్ని మడిచి సంచి అడుగున పెట్టినా.

ఇంట్లో మా ఇంటామె, "తిన్నారా?" అనింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దు తినింది నేనొక్కడినే.

హైదరాబాదు వాళ్ల మెయిల్ కొన్నాళ్లకు వచ్చింది. మళ్లీ రెండు లైన్లే. ఆ పిల్ల తోటలో ఉంది, ఆడికొచ్చి చదివింది. సీటు రాలేదు నాయనా అనింది. నేను అరటి పిలకలు కోస్తాండా, కొడవలి పక్కన పెట్టినా. అడగాలనుకోలేదు గానీ అడిగినా.

"నా వల్లనేనా అమ్మీ?"

"తెలీదు నాయనా. నేనే సరిగా చెప్పలేకపోయినా." కింద పెట్టిన కొడవలి చేతికి తీసుకుంది. "ఎందుకీ చదువు అని అడిగినారు. దానికి నేను అనుకొని పోయింది ఆ అరటిపండ్ల సంగతే. నువ్వు చెప్పేది కాదు. ఆ పొద్దు నేను గెల తీసుకొని ఇంటికొచ్చినాక నువ్వు నన్ను చూసి నవ్వినావు. అందరినీ పిలిచి చెప్పి నవ్వించినావు. రాత్రి మాత్రం అన్నం తినకుండా గోడకు తిరిగి పండుకున్నావు. అది చెప్దామనుకున్నా. మొదలుపెట్టినా గూడా. బయట స్పీకర్లో నువ్వు చెప్తాంటే అందరూ నవ్వుతాండారు. వాళ్లకూ వినపడతాంది. ఆమె, మైకులో మాట్లాడింది మీ నాన్నగారా అని అడిగింది. ఇంక నేను ఆ మాట ఎట్ల చెప్పాల?"

ఆ రాత్రి సంగతి ఎవరికీ తెలీదనుకుంటా వచ్చినా నేను. ఏడో తరగతి పిల్ల నిద్రపోయిందనుకున్నా.

మళ్లీ రాస్తా నాయనా వచ్చే ఏడు, అని కొడవలి నా చేతికిచ్చి పోయింది. నన్ను తిట్టలేదు. నాలుగు తిట్లు తిట్టుంటే వాటిని గూడా ఎవరికో ఒకరికి నవ్వుతా చెప్పుకొని తేలిపోయేవాణ్ణి.

మొన్న పొద్దున దీపిక ఫోన్ చేసింది. సార్ బాగున్నారా, మేడం మోకాలెట్లుంది, శ్రావణి ఇంకా జాయిన్ కాలేదు సార్, ఇంకా ఒకటి రెండు సీట్లున్నాయి, ఈ ఆదివారం కుటుంబంతో బెంగుళూరు వచ్చి క్యాంపస్ చూడండి అనింది. నేను శ్రావణి వైపు చూసినా. ఆ పిల్ల పుస్తకం ముందర కూర్చోనుంది. లేదమ్మా, రాము, అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం, "చూస్తాంలేమ్మా."

శ్రావణి లేచొచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "అక్కా, నేను శ్రావణిని. మేము రావడం లేదు. ఇంక చెయ్యద్దు, సరేనా? థాంక్స్ అక్కా." ఆ పక్క నుంచి దీపిక, సరే శ్రావణీ, ఆల్ ది బెస్ట్ అనింది. ఫోను పెట్టేసింది. అంతే. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. నేను పుట్టినప్పటి నుంచి భయపడిన పని టీ చల్లారేలోపల అయిపోయింది.

శాలువా బీరువాలో ఉంది. మా ఇంటామె దాన్ని ఎవరికన్నా కప్పమంటాది, ఎవరికి కప్పాలో తెలీక ఉంచినాం.

ఇంక పెండ్లిండ్లలో ఆ కత చెప్పడం మానేసినా. ఆ మాత్రం బుద్ధొచ్చిందని మీరనుకోవచ్చు. కానీ మొన్న టీ అంగడి కాడ మీరు నవ్వొచ్చేది రాసియ్యమన్నారు, నేను సరేనన్నా. పక్క గదిలో ఆ పిల్ల మళ్లీ చదువుకుంటాంది. ఇది రాయొచ్చునా అని దాన్ని అడగలేదు. రాయలేనని మీకూ చెప్పలేదు. ఎవరన్నా అడిగితే కాదని చెప్పడం నేను ఇంకా నేర్చుకోలేదు.